హెడ్డర్ వేడికి టేపా, పూతా, రేకా? సమస్య - పరిష్కారం

ఇంజన్ పొగని బయటికి పంపే కంపెనీ మ్యానిఫోల్డ్ తీసేసి, దాని బదులు సన్న గొట్టాల హెడ్డర్ వేయించుకున్నవాళ్లకి మన నెల్లూరు, ఒంగోలు ఎండల్లో ముందు తెలిసొచ్చేది సౌండు కాదు, వేడి. కంపెనీది చాలా బండ్లలో మందమైన పోత ఇనుము. హెడ్డర్ గొట్టం మందం ఒకటిన్నర, మహా అయితే రెండు మిల్లీమీటర్లు. పైన ఉండాల్సిన వేడి ఆపే రేకు కొత్తదానికి సరిపడదని షెడ్డులోనే వదిలేసి వస్తారు. ఆ తర్వాత అందరూ చెప్పే మందు ఒకటే: గొట్టానికి వేడి ఆపే నార టేపు చుట్టించెయ్. నన్నడిగితే సముద్రం వైపు తిరిగే కార్లకి ఆ టేపు గురించి ఆఖరున ఆలోచించాలి.

సమస్య: బండి ఆగితే బానెట్ మండిపోతోంది, ఏసీ చల్లగా రావడం లేదు

ముందు తప్పు హెడ్డర్‌దేనా అని తేల్చుకోండి. హైవే మీద ఏసీ బాగుండి, ఊళ్లో సిగ్నల్ దగ్గర మాత్రమే చచ్చుబడితే మొదట రేడియేటర్ ఫ్యాన్, కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) చూడాలి. చీమకుర్తి క్వారీల దారిలో తిరిగే కారైతే కండెన్సర్ రెక్కల మధ్య రాతిపొడి పేరుకుని ఉండొచ్చు. నీళ్లతో మెల్లగా కడిగితే తీరిపోయే దానికి టేపు కొనడం దండగ.

హెడ్డర్ గుర్తులు వేరే ఉంటాయి. ఇంజన్ వేడెక్కాక స్టార్టర్ బరువుగా తిరుగుతుంది, చల్లారాక మామూలైపోతుంది. హెడ్డర్ వైపున్న వైర్ల తొడుగు పెళుసెక్కి, వంచితే పగులుతుంది. ఆ పక్క ప్లాస్టిక్ మాత్రమే రంగు మారుతుంది.

దీనికి మొదటి పరిష్కారం రేకు. హెడ్డర్‌కీ రేకుకీ మధ్య 10 నుంచి 15 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, స్టీలు క్లిప్పులతో బిగించాలి. పనిచేసేది రేకుతో పాటు ఆ ఖాళీలో ఆడే గాలి కూడా. అల్యూమినియం రేకైతే 660 డిగ్రీలకి కరుగుతుంది కాబట్టి అది గొట్టానికి తగలకూడదు. వైర్లకి, రబ్బరు పైపులకి పైన వెండిరంగు పొర ఉన్న గాజునార (ఫైబర్‌గ్లాస్) తొడుగు వేయండి. బంగారు రంగు టేపు ఒకటి దొరుకుతుంది, దాన్ని కాపాడాల్సిన వస్తువు మీద అంటించాలి గానీ హెడ్డర్ మీద కాదు.

వేడి కొలిచే గన్ను ఉంటే ఒక జాగ్రత్త. మెరిసే స్టీలు మీద అది చాలా తక్కువ చూపిస్తుంది. గొట్టం మీద రూపాయి బిళ్లంత చోట హైటెంప్ నల్ల పెయింటు కొట్టి అక్కడ కొలవండి. చవక గన్నుల్లో కొన్ని 380 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. లోడు మీదున్న పెట్రోలు ఇంజన్ పొగ 700 నుంచి 900 డిగ్రీల దాకా పోతుంది మరి.

సమస్య: టేపు చుట్టాక పొగ, కమురు వాసన

కొత్త టేపులో నారని కలిపి ఉంచే బంక మొదటి కొన్నిసార్లు వేడెక్కినప్పుడు కాలిపోతుంది. ఆరుబయట ఇంజన్ నడిపితే పోతుంది. రోజులు గడిచినా పొగ ఆగకపోతే పైన వాల్వ్ కవర్ గాస్కెట్ (ఇంజన్ పైమూత కింద ఆయిలు కారకుండా వేసేది) చూడండి. అక్కడి నుంచి ఆయిలు కారి టేపు పీల్చుకుంటే మంట లేచే ప్రమాదం ఉంది. ఆయిలు తాగిన టేపుని కడిగి వాడే ఆలోచన వద్దు. కోసి పారేసి, లీకు మాన్పి, అప్పుడు కొత్తది.

సమస్య: టేపు కింద గొట్టం తినేసింది

మన జిల్లాల్లో అసలు గొడవ ఇదే. కొత్తపట్నం, మైపాడు దిక్కున రొయ్యల గుంటల గట్ల మీద తిరిగే కారు నుంచి పాత టేపు విప్పి చూడండి. పైన టేపు చెక్కుచెదరకుండా ఉంటుంది. లోపల తుప్పు అప్పడం ముక్కల్లా పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది, వెల్డింగు పక్కన సన్నటి చీలిక కనిపిస్తుంది.

టేపు వేడిని బయటికి పోనీయదు కాబట్టి గొట్టం లోహం మునుపటికంటే ఎక్కువ కాగుతుంది. బండి చల్లారాక అదే టేపు ఉప్పుగాలి తేమని పట్టి ఉంచుతుంది. మనకి వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఆ నెలల్లో వారాల తరబడి పక్కన పెట్టిన కారుకే దెబ్బ ఎక్కువ. రోజూ నడిచే బండికి ఆ తేమ ఆవిరైపోతుంది, నిలబెట్టిన బండికి ఆ అవకాశం లేదు.

స్టెయిన్‌లెస్ కదా అని ధీమా వద్దు. 304 రకం స్టీలు 425 నుంచి 850 డిగ్రీల మధ్య చాలాసేపు ఉంటే అందులోని క్రోమియం కార్బన్‌తో కలిసి లోహపు రేణువుల అంచుల్లో పేరుకుంటుంది. దాంతో తుప్పుని ఆపాల్సిన క్రోమియం ఆ అంచుల పక్కన తక్కువ పడుతుంది. ఉప్పు అక్కడే పట్టుకుంటుంది. కార్బన్ తక్కువున్న 304ఎల్, టైటానియం కలిపిన 321 దీన్ని బాగా తట్టుకుంటాయి. మామూలు ఇనుప హెడ్డర్ అయితే సముద్రం దగ్గర టేపు మాటే ఎత్తొద్దు. రేకు, దానికి తోడు గొట్టం మీద వేడి ఆపే సెరామిక్ పూత, అంతే.

ఉదయగిరి, గిద్దలూరు లాంటి పొడి మెట్ట ప్రాంతంలో రోజూ నడిచే కారుకి టేపు పర్లేదు. గాజునారది సుమారు 550 నుంచి 650 డిగ్రీల దాకా, లావారాతి నారతో చేసింది ఇంకా బాగా పైదాకా తట్టుకుంటుంది. ఇంజన్ తల దగ్గర గాజునార పొడిపొడిగా రాలుతోందంటే అది ఆ చోటికి చాలదనే. పొరకి పొర 6 మిల్లీమీటర్లు ఎక్కేలా, కింది చివర నుంచి ఇంజన్ వైపుకి చుట్టుకుంటూ పోతే అంచులు కిందికి ఉండి నీళ్లు లోపలికి దిగవు. కట్టడానికి స్టెయిన్‌లెస్ పట్టీలే వాడాలి. "ఏంగాదులే అన్నా, నాలుగు చుట్లు జాస్తి వేస్తే సరిపోద్ది" అనే మేస్త్రి మాట వినకండి, ఒక్క పొర చాలు. పాత జనరేటర్ల సైలెన్సర్లకి చుట్టే ఆస్బెస్టాస్ తాడు అసలే వద్దు, ఆ దూది ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ తెస్తుంది.

సమస్య: పూత పెచ్చులూడుతోంది

ఎక్కువసార్లు కారణం కింద పని సరిగా చేయకపోవడమే. నూనె పూర్తిగా కాల్చేసి, ఇసుకలాంటి గరుకు పొడితో బ్లాస్టింగ్ చేసి, చెయ్యి తగలనీయకుండా పూత వేసి, కొలిమిలో కాల్చాలి. గేట్లకి వేసే పౌడర్ కోటింగ్ ఈ వేడికి మాడిపోతుంది. కారు బాడీ మెరుపుకి డీటెయిలింగ్ షాపువాళ్లు వేసే సెరామిక్‌కీ దీనికీ సంబంధమే లేదు. వెండిరంగు మెరుపు పూతలు సుమారు 700 డిగ్రీల దాకానే. టర్బో ఉన్న బండికి అంతకంటే పై రకం అడగండి. డబ్బాలో వచ్చే హైటెంప్ స్ప్రే తుప్పుని కొంత ఆపుతుందే గానీ వేడిని ఆపదు.

పని బాగానే చేసినా పూత కాలిపోతోందంటే ఇంజన్ వైపు చూడాలి. స్పార్క్ టైమింగ్ వెనకబడినా, మిస్‌ఫైర్ అవుతున్నా, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయినా గొట్టం ఎర్రబడుతుంది. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి చూస్తే తెలిసిపోతుంది. ఖాళీగా నడిచే ఇంజన్‌కి హెడ్డర్ ఎర్రగా మెరిసిందంటే టేపు, పూత రెండూ పక్కన పెట్టి ముందు ఆ జబ్బు నయం చేయించండి. ఇంజన్ కొత్తగా బోరు చేయించి ఉంటే, ట్యూనింగ్ కుదిరేదాకా పాత మ్యానిఫోల్డ్‌తో నడిపి, తర్వాతే పూత వేసిన హెడ్డర్ బిగించాలి.

సమస్య: పొద్దున స్టార్ట్ చేస్తే టిక్ టిక్, వేడెక్కాక మాయం

గాస్కెట్ దగ్గర పొగ లీకు. లోహం వేడికి సాగి సందు మూసుకుంటుంది కాబట్టి శబ్దం ఆగుతుంది. పైన టేపు చుడితే శబ్దం తగ్గుతుంది, లీకు అలాగే ఉంటుంది, కార్బన్ మోనాక్సైడ్ ఏసీ దారిన లోపలికి రావచ్చు. హెడ్డర్ ఫ్లాంజి (ఇంజన్‌కి ఆనించి బిగించే మందపాటి పలక) మీద స్టీలు స్కేలు నిలబెట్టి కింద వెలుతురు కనిపిస్తోందేమో చూడండి. కనిపిస్తే మెషిన్ షాపులో మట్టం చేయించి, కొత్త గాస్కెట్ వేసి, మధ్య నట్ల నుంచి చివరలకి బిగించుకుంటూ రావాలి. రెండు మూడుసార్లు వేడెక్కి చల్లారాక, బండి చల్లగా ఉన్నప్పుడు మళ్లీ ఒకసారి బిగింపు చూసుకోండి.