పాత ఫౌంటెన్ బాగుచేయాలంటే మోటారు చివర కొనండి

విజయవాడ వన్‌టౌన్‌లో నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. మా నాన్న పెట్టిన షాపు. "మేస్త్రీ గారూ, మా కూడలిలో ఫౌంటెన్ ఆగిపోయింది, మంచి మోటారు చెప్పండి" అని ఎవరైనా వస్తే, నా బేరం పోయే మాటే ముందు చెబుతాను: ఇప్పుడే మోటారు వద్దు. ముందు తొట్టి కారుతుంది, తరువాత గొట్టం పూడుతుంది, ఆ పైన నీరు చిమ్మే నాజిల్ మూసుకుపోతుంది. ఆ పాపాలన్నీ మోసి మోసి చివరికి మోటారు కాలుతుంది. జనానికి కనిపించేది ఆ చివరి పొగ ఒక్కటే.

మా వీధి చివరి కూడలిలో అలాంటిదే ఒకటి ఉంది. ఇటుక, సున్నంతో కట్టిన గుండ్రటి తొట్టి, మధ్యలో రాతి స్తంభం, దానిమీద రాతి గిన్నె, గిన్నెలో ఒకే ఒక్క ఇత్తడి నాజిల్. ఎవరో వ్యాపారి తన తండ్రి పేరున కట్టించాడట. శిలాఫలకం మీద ఇప్పుడు చదవగలిగేది "జ్ఞాపకార్థము" అన్న మాట మాత్రమే. దాన్ని మేము నలుగురం కలిసి బాగుచేశాం. ఆ క్రమమే ఇక్కడ రాస్తున్నాను. మీది ప్రభుత్వ స్థలంలో ఉంటే ముందు కాగితం మీద అనుమతి తీసుకోండి. నోటిమాట అనుమతి రెండో రోజుకు ఉండదు.

మొదటి పని తొట్టికి పరీక్ష. పూడిక తీసి, కడిగి, నిండా నీరు పట్టండి. ఒక బకెట్‌లోనూ నీరు పోసి, తేలిపోకుండా అడుగున రాయి వేసి, తొట్టిలోనే నిలబెట్టండి. బకెట్‌లో నీరు ఎక్కడిదాకా ఉందో, తొట్టిలో ఎక్కడిదాకా ఉందో సుద్దతో కాదు, పెయింటుతో గీత పెట్టండి. ఒక పగలు, ఒక రాత్రి గడిచాక రెండు గీతలూ చూడండి. ఎండకు రెండిట్లోనూ నీరు తగ్గుతుంది. మా ఊరి మే నెల ఎండకు మరీను. కానీ బకెట్ కంటే తొట్టిలో ఎంత ఎక్కువ తగ్గిందో అదంతా కారినదే. మాది 4 మీటర్ల అడ్డుకొలత తొట్టి. అందులో ఒక్క సెంటీమీటరు దిగితే సుమారు 125 లీటర్లు పోయినట్టు. మాకు బకెట్ లెక్క తీసేశాక 4 సెంటీమీటర్లు తేడా వచ్చింది. అంటే రోజుకు 500 లీటర్ల కృష్ణ నీరు మట్టిపాలు. కొన్నేళ్లుగా "మోటారు నీరు సరిగా లాగడం లేదు" అని అందరూ చెప్పుకున్నది దీని గురించే.

కారే చోటు పట్టుకోవడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. గాలి లేని ఉదయం పూట నీరు కదలకుండా ఉన్నప్పుడు, పగుళ్ల దగ్గర చుక్కల గొట్టంతో నీలిమందు నీళ్లు ఒక్కో చుక్క వదలండి. పగులు కారుతుంటే ఆ నీలిరంగు దారంలా సాగి లోపలికి పోతుంది. మాకు మూడు చోట్ల పోయింది. మూడోది ఎవరూ ఊహించని చోట, డ్రెయిన్ గొట్టం తొట్టిని దాటే దగ్గర. పాత తొట్టెల్లో ముందుగా చూడవలసిందే అక్కడ.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఎక్కువ పాత కట్టడాలు ఇక్కడే పాడవుతాయి. పగులు కనబడగానే తాపీ మేస్త్రి సిమెంటు కలుపుతాడు. సున్నపు కట్టుబడికి సిమెంటు పూయకండి. సున్నం మెత్తనిది, లోపలి తేమను బయటికి వదులుతుంది. సిమెంటు గట్టిది, తేమను లోపలే బిగించేస్తుంది. కొన్నాళ్లకు సిమెంటు అతుకు నిక్షేపంగా ఉంటుంది, దాని పక్క ఇటుక పొడై రాలుతుంది. మా తొట్టికి గతంలో ఎవరో వేసిన అతుకులను ఉలితో మెల్లగా తీయడానికే రెండు రోజులు పట్టింది. పిడుగురాళ్ల సున్నం తెప్పించి, నానబెట్టి, ఒక పాలు సున్నం, ఒక పాలు ఇసుక, ఒక పాలు సుర్కీ, అంటే ఇటుకపొడి, కలిపాం. సుర్కీ ఉంటేనే సున్నం నీటి కింద కూడా గట్టిపడుతుంది. కరక్కాయలు నానబెట్టిన నీళ్లు, కొంచెం బెల్లం కూడా వేయించాడు మా పెద్ద మేస్త్రి. గానుగలో రుబ్బిన డంగు సున్నం పని చేతులారా చేసిన తరం వాడు, ఆయన మాటకు నేను ఎదురు చెప్పలేదు. చీమలు మాత్రం రెండు రోజులు ఊరేగాయి. పూత వేశాక తడి గోనెసంచులు కప్పి రెండు వారాలు ఆరనివ్వకండి. నాకు ఓపిక తక్కువ, పదో రోజునే నీరు పెడదామన్నాను. ఆయన నా వైపు చూసిన చూపుకు నోరు మూసుకున్నాను.

గోనెసంచుల కింద పూత గట్టిపడే లోపల నాజిల్ విప్పండి. బోరు నీటితో నడిచిన ఫౌంటెన్ అయితే లోపల తెల్లటి గార పేరుకుని ఉంటుంది. గోరువెచ్చని నీటిలో నిమ్మ ఉప్పు కరిగించి రాత్రంతా నానబెడితే గార ఊడుతుంది. ఆసిడ్ పోయకండి. పొరపాటున పల్నాటి నాపరాయి మీద చిందినా, సున్నం మీద చిందినా బుసబుస పొంగి తినేస్తుంది. మేకుతో నాజిల్ రంధ్రాన్ని గోకడం కూడా తప్పే. అంచు చెడితే ధార కడ్డీలా లేవదు, చీపురులా చీలుతుంది.

ఇక మోటారు లేకుండా ఫౌంటెన్ నడిపి చూడటం. హైదరాబాదులో చార్మినార్ దగ్గర నాలుగు కమాన్‌ల నడుమ గుల్జార్ హౌజ్ అనే పాత ఫౌంటెన్ ఉంది కదా, చుట్టూ ముత్యాల దుకాణాలు. మా చెల్లి పెళ్లికి ముత్యాలు కొనడానికి వెళ్లి, కొనడం మానేసి దాని చుట్టూ తిరిగి, నాన్న చేత తిట్లు తిన్నాను. ఆ కమాన్‌లు 1592 నాటివి. అప్పుడు కరెంటు ఎక్కడిది? నీరు పైనుంచి వస్తే కింద చిమ్ముతుంది, అంతే. రోము నగరంలోని ట్రెవీ ఫౌంటెన్‌కు నీరు తెచ్చే కాలువను క్రీ.పూ. 19లో తవ్వారు, ఫౌంటెన్ పూర్తయింది 1762లో. ఆ నీరు పెద్ద ఎత్తు నుంచి రాదు. అందుకే అక్కడ ఆకాశానికి చిమ్మించకుండా, రాళ్ల మీద నుంచి జాలువారేలా కట్టారు. నీటి బలం చూసి శిల్పం వేశారు. మనం శిల్పం చూసి మోటారు కొంటాం.

మేము ఎదురింటి వారిని అడిగి, వారి మేడ మీద 200 లీటర్ల డ్రమ్ము పెట్టాం. నాజిల్ కంటే సుమారు రెండున్నర మీటర్ల ఎత్తు. అంగుళంపావు గొట్టంతో కిందికి తెచ్చి ఫౌంటెన్ గొట్టానికి కలిపాం. సన్న గొట్టం వాడితే ఆ రాపిడికే బలమంతా పోతుంది. 10 మిల్లీమీటర్ల రంధ్రం నుంచి ధార దాదాపు 2 మీటర్లు లేచింది, డ్రమ్ము ఏడు నిమిషాల్లో ఖాళీ అయింది. మీకు పావుగంట పట్టి, ధార మోకాలెత్తు దాటకపోతే గొట్టం పూడిందని అర్థం. ఏ మోటారూ దాన్ని బాగుచేయదు, గొట్టం మార్చండి.

ఆ ఏడు నిమిషాలే మోటారు సైజు కూడా చెప్పేస్తాయి. నిమిషానికి 30 లీటర్లు, ఎత్తూ రాపిడీ అన్నీ కలిపినా 5 మీటర్లలోపు. దానికి నీటిలో మునిగి నడిచే అర హార్స్‌పవర్ ఓపెన్‌వెల్ మోటారు చాలు, ఇంకా మిగులుతుంది. పదేళ్ల కిందట ఒక పెద్దమనిషి ఇదే ఫౌంటెన్‌కు రెండు హార్స్‌పవర్ బిగించాడు. నీరు తొట్టి దాటి పక్కనున్న బజ్జీల బండి మీదికి వెళ్లింది. కాగే నూనెలో నీటి చుక్కలు పడితే బజ్జీల బాబాయి ఏమన్నాడో ఇక్కడ రాయలేను. నాజిల్ నుంచి తొట్టి అంచుకు ఎంత దూరమో, ధార అంతకంటే ఎత్తు లేవకూడదు. సాయంత్రం కృష్ణ గాలి వీచే ఊళ్లో ఇంకా తగ్గించుకోండి.

గిన్నె అంచు మీద రసమట్టం పెట్టి చూడటం మరచిపోవద్దు. కాస్త ఒరిగి ఉంటే నీరంతా ఒకవైపే కారుతుంది. మాది ఒరిగింది, సీసపు రేకు ముక్కలు కింద పెట్టి సరిచేశాం.

కరెంటు పని లైసెన్సు ఉన్నవాడితోనే చేయించండి. ఎర్తింగ్ తప్పనిసరి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ తప్పనిసరి. దానిమీది టెస్ట్ మీట నెలకోసారి నొక్కండి. నీటి లోపల వైరుకు అతుకు ఉండకూడదు, దీపాలు 12 వోల్టులవే. నీరు తగ్గితే తానే ఆగేలా ఫ్లోట్ స్విచ్ పెట్టండి. పొడిగా తిరిగితే మోటారు సీలు పోతుంది, ఆ మోటారు మళ్లీ నా దగ్గరికే వస్తుంది. మెయిన్ ఆపకుండా నీటిలో చేయి పెట్టకండి. ముప్ఫై ఏళ్లు ఈ పని చేసిన నేనూ పెట్టను.

దోమల మాట. డెంగీ దోమకు నిలిచిన మంచినీరు చాలు, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పదిరోజులు. కాబట్టి వారానికోసారి తొట్టి పూర్తిగా ఖాళీ చేసి, గోడలు బ్రష్‌తో రుద్ది, ఒక పూట ఎండనివ్వండి. కొందరు దోమ పిల్లలను తినే గంబూసియా చేపలు వదిలి, ఆ మర్నాడే బ్లీచింగ్ చల్లుతారు. చేపలు చచ్చి తేలతాయి. రెండిట్లో ఒకటే చేయండి.

చివరిగా, స్విచ్ పెట్టె తాళం ఎవరి దగ్గర ఉండాలో ముందే తేల్చుకోండి. మేము కమిటీ వేయలేదు. తాళం బజ్జీల బాబాయికి ఇచ్చాం. సాయంత్రం మూకుడు పొయ్యి మీద పెట్టగానే ఫౌంటెన్ వేస్తాడు, పిండి అయిపోగానే ఆపేస్తాడు. బండిని మాత్రం నాలుగడుగులు వెనక్కి జరిపాడు, నన్ను ఇంకా పూర్తిగా నమ్మలేదు.