ఆడియన్స్ లిస్ట్ టూల్‌కి డాక్యుమెంటేషన్: హాష్‌కి ముందు ఏముందో చూపించండి

సీఆర్ఎమ్ (కస్టమర్ల వివరాలు దాచే సాఫ్ట్‌వేర్) నుంచి కస్టమర్ల ఈమెయిళ్లు, ఫోన్ నంబర్లు తీసి గూగుల్ యాడ్స్ కస్టమర్ మ్యాచ్ లిస్టులోకి (మన కస్టమర్లని గూగుల్ యూజర్లతో పోల్చి ప్రకటనలకి వాడే లిస్టు) ఎక్కించే టూల్‌కి రీడ్‌మీ (వాడే పద్ధతి చెప్పే ఫైల్) రాయమంటే, చాలామంది ఒక కమాండ్, నాలుగు ఫ్లాగులు (కమాండ్‌కి చేర్చే ఎంపికలు) పెట్టి వదిలేస్తారు. వాడేవాళ్లు ఇబ్బంది పడేది కమాండ్ దగ్గర కాదు. డేటా ఎస్‌హెచ్ఏ-256 హాష్‌గా (వెనక్కి చదవలేని కోడ్‌గా) మారాక తప్పూ ఒప్పూ ఒకేలా కనిపిస్తాయి, రెండూ 64 అక్షరాలే. గూగుల్ యాడ్స్ ఏపీఐ (ప్రోగ్రామ్ నుంచి డేటా అందుకునే ద్వారం) రెండింటినీ తీసుకుంటుంది. తప్పుదానికి ఎర్రర్ రాదు, మ్యాచ్ కూడా కాదు. అందుకే డాక్యుమెంట్ మొదటి పేజీ హాష్‌కి ముందు స్ట్రింగ్ ఎలా ఉండాలో చెప్పాలి.

హాష్‌కి ముందు

ప్రతి కాలమ్‌కీ "వచ్చిన రూపం, సరిచేసిన రూపం, హాష్" అని మూడు గడుల పట్టిక పెట్టండి. నిజమైన కస్టమర్ల వివరాలు ఉదాహరణగా వాడకండి. ఎగ్జాంపుల్.కామ్ డొమైన్ ఉన్నదే ఇలాంటి అవసరానికి.

ఈమెయిల్‌కి అటూ ఇటూ ఖాళీలు తీసేసి, అన్నీ చిన్న అక్షరాలు చేయాలి. ఫోన్‌కి ప్లస్ గుర్తు, 91, ఆ తర్వాత పది అంకెలు. మధ్యలో ఖాళీ, హైఫన్, ముందు సున్నా ఏవీ ఉండకూడదు. ఇదే టూల్ మెటా కస్టమ్ ఆడియన్స్‌కి (ఫేస్‌బుక్ ప్రకటనల కోసం ఉండే ఇలాంటి లిస్టుకి) కూడా పంపుతుంటే ఈ తేడా బోల్డ్‌లో రాయండి: మెటాకి దేశం కోడ్ ఉండాలి, ప్లస్ ఉండకూడదు. ఒకదానికి చేసిన ఫోన్ హాష్ రెండోదానికి పనికిరాదు.

ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయొద్దని కూడా రాయండి. ప్లస్ గుర్తు పోతుంది, 12 అంకెల నంబరు 9.19ఈ+11 లాంటి రూపంలోకి మారిపోతుంది. పట్టికలోని హాష్‌ని టెర్మినల్‌లో సరిచూసుకునేవాళ్లకి ఇంకో హెచ్చరిక కావాలి: ఎకో కమాండ్ చివర న్యూలైన్ చేరుస్తుంది కాబట్టి మైనస్ ఎన్ ఫ్లాగ్ పెట్టకపోతే హాష్ వేరే వస్తుంది. ఖాళీ గడికి కూడా హాష్ వస్తుంది, అది ఎప్పుడూ "ఈ3బి0సి442" అనే మొదలవుతుంది. అవుట్‌పుట్‌లో అది కనిపించిందంటే ఖాళీ వరసలు వడకట్టలేదన్నమాట.

పేరు, చిరునామాతో మ్యాచ్ చేయాలంటే మొదటి పేరు, చివరి పేరు, దేశం కోడ్, పిన్‌కోడ్ నాలుగూ కావాలి. పేర్లు రెండూ హాష్ చేయాలి, దేశం, పిన్ అలాగే పంపాలి. తెలుగువాళ్ల డేటాలో చిక్కు ఇక్కడే ఎక్కువ. ఇంటిపేరు ముందు రాస్తాం, చాలాసార్లు ఒక్క అక్షరంతో సరిపెడతాం. "కె. లక్ష్మి"ని స్పేస్ దగ్గర విరిచే కోడ్‌కి మొదటి పేరు "కె." అవుతుంది. ఏ కాలమ్ ఇంటిపేరో స్పష్టంగా రాయండి. ఇనిషియల్ మాత్రమే ఉన్న వరసల్ని టూల్ ఈమెయిల్, ఫోన్‌లకే పరిమితం చేస్తే మేలు.

జాబ్ నడిచే తీరు

1. ఆఫ్‌లైన్ యూజర్ డేటా జాబ్ (లిస్టు మార్పులన్నీ ఒక మూటగా పంపే పని) క్రియేట్ చేయాలి. తిరిగి వచ్చే రిసోర్స్ నేమ్‌ని (ఆ జాబ్ గుర్తింపు పేరుని) లాగ్‌లో దాచాలి, తర్వాత స్టేటస్ అడగడానికి అదే ఆధారం.
2. ఆపరేషన్లు (చేర్చు, తీసేయి అనే ఆదేశాలు) జత చేయాలి. ఒక రిక్వెస్టుకి 1,00,000 ఐడెంటిఫయర్లు (ఈమెయిల్, ఫోన్ లాంటి గుర్తింపు వివరాలు) మించకూడదు. 10,000 దగ్గర ఆపుకోమని గూగుల్ సలహా. ఇది మనుషుల లెక్క కాదు: ఒక్కొక్కరికి ఈమెయిల్, ఫోన్ రెండూ ఉంటే 10,000 అంటే 5,000 మందే.
3. రన్ చేయాలి. ఇది మర్చిపోతే జాబ్ పెండింగ్‌లోనే ఉండిపోతుంది.

ఈమెయిల్, ఫోన్‌లకి వేర్వేరు ఐడెంటిఫయర్ ఆబ్జెక్టులు ఉండాలి. రెండూ ఒకే ఆబ్జెక్టులో పెడితే చివర పెట్టినదే మిగులుతుంది, మొదటిది చప్పుడు లేకుండా పోతుంది. పార్షియల్ ఫెయిల్యూర్ (చెడ్డ వరసలు వదిలి మిగతావి తీసుకునే సెట్టింగ్) ఆన్ చేసి ఉందో లేదో కూడా రాయండి. లేకపోతే ఒక్క చెడ్డ వరస మొత్తం రిక్వెస్టునే ఆపేస్తుంది.

చేర్చడం, తీసేయడం ఒకే జాబ్‌లో కలపకూడదు. లిస్టు మొత్తం మార్చాలంటే మాత్రం "రిమూవ్ ఆల్" (అందరినీ తీసేయి) మొదటి ఆపరేషన్‌గా వచ్చి, కొత్తవాళ్లు ఆ వెనక రావాలి. ఈ ఫ్లాగ్ వివరణలో ఒక ప్రమాదం దాచకుండా చెప్పండి: ఆ రోజు సోర్స్ ఫైల్ ఖాళీగా వస్తే లిస్టు తుడిచిపెట్టుకుపోతుంది. ఫైల్‌లో ఇన్ని వరసలకంటే తక్కువ ఉంటే ఆగిపో అనే కనీస పరిమితి టూల్‌లో పెట్టి, ఆ సంఖ్యని ఇక్కడే రాయండి.

సక్సెస్ వచ్చాక

సక్సెస్ స్టేటస్ అంటే జాబ్ పూర్తయిందని మాత్రమే, మనుషులు దొరికారని కాదు. మ్యాచ్ రేట్ రేంజ్ (ఎంత శాతం మంది దొరికారనే అంచనా) ఎక్కడ చూడాలో, మీ లిస్టుకి మామూలుగా ఎంత వస్తుందో రాయండి. అకస్మాత్తుగా పడిపోతే హాష్‌కి ముందున్న పది వరసలు తీసి పట్టికతో పోల్చమనండి. కారణం దాదాపు ఎప్పుడూ అక్కడే దొరుకుతుంది.

సమ్మతి వెనక్కి తీసుకున్నవాళ్లని తీసేసే జాబ్‌కి విడిగా ఒక భాగం ఉండాలి: ఎవరు నడుపుతారు, రోజుకి ఎన్నిసార్లు, ఆ జాబితా ఏ టేబుల్ నుంచి వస్తుంది. ఎవరినైనా తీసేయాలన్నా చేర్చినప్పటి హాషే మళ్లీ రావాలి కాబట్టి, సరిచేసే నియమాలు మారిన ప్రతిసారీ తేదీ వేయండి.

2025 ఏప్రిల్ 7 నుంచి లిస్టులో ఒకరు ఉండే గడువు గరిష్ఠంగా 540 రోజులు. ఒకసారి ఎక్కించి వదిలేసిన లిస్టు దానంతటదే కరిగిపోతుంది. ఎన్ని రోజులకోసారి మళ్లీ ఎక్కించాలో, ఆ క్రాన్ జాబ్ (టైముకి దానంతటదే నడిచే పని) ఏ సర్వర్‌లో ఉందో, ఏపీఐ ఏ వెర్షన్‌కి ఈ డాక్యుమెంట్ రాశారో పైనే పెట్టండి.