గాలిదుమారం లేచినప్పుడు ఫోన్‌లో ఏక్యూఐ చూసి బయల్దేరకండి

రోహిణి కార్తెలో ఎండ మండిపోయి, సాయంత్రానికి మబ్బు పట్టి ఒక్కసారిగా ఈదురుగాలి లేస్తుంది. జూన్, జూలైల్లో వేరేచోట్ల ముసురు పడుతుంటే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పొడి పడమటిగాలి కొడుతూనే ఉంటుంది. మనకు అసలు వానలు అక్టోబరు నుంచే కదా. ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లో, పసిపిల్లలో ఉంటే ఈ రోజుల్లో ఒక సంగతి తెలిసి ఉండాలి.

మన దేశంలో ఏక్యూఐకి, అంటే గాలి ఎంత మురికిగా ఉందో చెప్పే అంకెకు, దుమ్ము లెక్క 24 గంటల సగటు మీద కడతారు. 23 గంటలు పీఎం10 (10 మైక్రాన్లు, అంతకన్నా చిన్న దుమ్ము రేణువులు) ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములుండి, దుమారం లేచిన ఒక్క గంట 600కి ఎగబాకిందనుకోండి. సగటు 83కు లోపే! ఫోన్‌లో 'సంతృప్తికరం' అనే ఉంటుంది. కళ్లల్లో మన్ను పడుతుంటే ఆ మాట నమ్మి పిల్లల్ని ఆటకు పంపకండి. గంటగంటకూ విలువ చూపించే యాప్ అయితే పీఎం10 చూడండి, ఎగిరే మట్టి ఎక్కువగా తేలేది అక్కడే. మరీ సన్నదుమ్మును లెక్కించే పీఎం2.5 మాత్రమే చూస్తే సగం సంగతి తెలియదు. ఇంట్లో పెట్టుకునే చవక మీటర్లు ముతక దుమ్మును తక్కువగా పట్టుకుంటాయి, సముద్రపు తేమ ఎక్కువైతే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి.

యాప్‌కు రీడింగు ఇచ్చే మీటరు ఎక్కడుందో కూడా చూసుకోవాలి. దగ్గర్లో లేకపోతే కొన్ని యాప్‌లు అంచనా కట్టిన అంకె వేస్తాయి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల పక్కన ఉండేవాళ్లకు ఎక్కడో ఊళ్లో తీసిన రీడింగు ఏం చెబుతుంది? రాతిదుమ్ములో సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. అక్కడ గాలి లేస్తే అంకె కోసం చూడొద్దు, మాస్కు కట్టాల్సిందే.

మబ్బు పట్టగానే పడమటి కిటికీలు మూయండి, తాగే నీళ్ల మీద మూత పెట్టండి, ఇల్లు కడుతున్నవాళ్లు ఇసుక కుప్ప మీద పట్టా కప్పండి. ముక్కుకు కట్టుకున్న తడిగుడ్డ ముతక మట్టినే ఆపుతుంది, సన్నదుమ్ముకు ఎన్95 మాస్కు కావాలి, అదీ ముక్కు దగ్గర సందు లేకుండా. బండి మీద ఉంటే రోడ్డు దిగి ఆగండి, చెట్టు కింద మాత్రం వద్దు.

గాలి తగ్గాక చీపురు పట్టకండి, దిగిన దుమ్మంతా మళ్లీ లేస్తుంది. తడిగుడ్డతో తుడవండి. ఇన్‌హేలర్‌లో మందు ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. అది పీల్చినా ఆయాసం తగ్గకపోతే, లేదా పెదాలు నీలంగా మారితే, తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.