మేయర్ పదవీకాలం మార్చే మెజర్ బ్యాలెట్‌లోకి వస్తే ఏం చూసి ఓటేయాలి

కాలిఫోర్నియాలో శాన్ హోసే, శాన్ ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్ లాంటి నగరాలకు సొంత చార్టర్, అంటే నగరానికి రాజ్యాంగం లాంటి పత్రం, ఉంది. మేయర్ ఎన్నేళ్లు ఉండాలో, ఏ ఏడాది ఎన్నిక జరగాలో అందులోనే ఉంటుంది. దాన్ని మార్చాలంటే ఓటర్లు ఒప్పుకోవాలి. అలా ఓటర్ల ముందుకొచ్చే ప్రతిపాదననే మెజర్ అంటారు, శాన్ ఫ్రాన్సిస్కోలో ప్రాపొజిషన్ అంటారు. హైదరాబాద్, విజయవాడల నుంచి వెళ్లినవాళ్లకు ఇది కొత్త. మన మున్సిపాలిటీల ఐదేళ్ల గడువు రాజ్యాంగంలోనే ఉంది, దాని మీద జనం ఓటేసే పద్ధతి లేదు.

ముందు మీకు ఓటు ఉందో లేదో చూసుకోండి. చిరునామాలో శాన్ హోసే అని ఉన్నంత మాత్రాన నగరంలో ఉన్నట్టు కాదు. ఈస్ట్ ఫుట్‌హిల్స్, బర్బాంక్ లాంటి చోట్ల చాలా భాగం నేరుగా కౌంటీ (మన జిల్లా లాంటిది) కింద ఉంటుంది, వాళ్ల బ్యాలెట్‌లో నగర మెజర్ రాదు. హెచ్-1బి, గ్రీన్ కార్డు వాళ్లకు ఈ ఓటు లేదు. డ్రైవింగ్ లైసెన్సులిచ్చే డీఎంవీ ఆఫీసులో ఫారం నింపేటప్పుడు, ఓటరు నమోదు ప్రశ్న దగ్గర పొరపాటున కూడా పౌరులమని టిక్ పెట్టకండి. రేపు పౌరసత్వం రాకుండా పోవడమే కాదు, దేశం నుంచి పంపేసే దాకా వెళ్లొచ్చు.

బ్యాలెట్ మీద ప్రశ్న 75 పదాలు దాటకూడదు. అంత చిన్న ప్రశ్నలో అసలు సంగతి పట్టదు కాబట్టి దాన్నొక్కదాన్నే చదివి ఓటేయొద్దు. కౌంటీ పంపే ఓటర్ గైడ్ తెరిచి, ముందు మెజర్ పూర్తి పాఠం చదవండి. కొట్టేసినట్టు గీత ఉన్నవి తీసేసే మాటలు, కింద గీత ఉన్నవో వాలు అక్షరాల్లో ఉన్నవో కొత్తగా చేర్చేవి. తర్వాత ఏ పక్షం వహించని విశ్లేషణ చదవండి, శాన్ హోసేలో దాన్ని నగర న్యాయాధికారి (సిటీ అటార్నీ) రాస్తారు. అనుకూల, ప్రతికూల వాదనలు చివరికి ఉంచుకోండి.

పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైనది మార్పు సమయంలో కుర్చీలో ఉండేవాళ్ల గురించి రాసిన వాక్యం. మేయర్ ఎన్నికను ఓటర్లు ఎక్కువగా వచ్చే ఏడాదికి జరపాలనే ఒకే ఆలోచనతో మూడు నగరాలు మూడు దారులు పట్టాయి. శాన్ హోసేలో 2022 జూన్‌లో గెలిచిన మెజర్ బి, అదే ఏడాది ఎన్నికయ్యే మేయర్‌కు రెండేళ్లే ఇచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కోలో 2022 నవంబరు నాటి ప్రాపొజిషన్ హెచ్, 2024 జనవరిలో దిగాల్సిన అప్పటి మేయర్ లండన్ బ్రీడ్‌కు ఇంకో ఏడాది కలిపింది. లాస్ ఏంజెలెస్‌లో 2015లో చేసిన మార్పుతో, 2017లో మళ్లీ గెలిచిన మేయర్ ఎరిక్ గార్సెట్టికి అయిదున్నరేళ్లు దక్కాయి. నా మటుకు కాలం తగ్గించే దారే న్యాయం. నాలుగేళ్లకని ఎన్నుకున్నవాళ్లను మళ్లీ ఓటు అడగకుండా కొనసాగించడం మంచిది కాదు.

ఒక కాగితం మీద పాత పద్ధతిలో ఒక వరస, కొత్త పద్ధతిలో ఒక వరస గీసి వచ్చే పదేళ్ల మేయర్ ఎన్నికలు రాయండి. పక్కనే కౌన్సిల్ సీట్ల ఎన్నికలూ రాయండి. శాన్ హోసేలో సరి సంఖ్య డిస్ట్రిక్టులకు (మన వార్డుల లాంటివి) అధ్యక్ష ఎన్నికల ఏడాదిలోనే ఎన్నిక. మెజర్ బి ముందు మేయర్ ఎన్నిక దానికి రెండేళ్లు అటూ ఇటూ వచ్చేది. అందుకే 2020లో పదో డిస్ట్రిక్టు నుంచి గెలిచిన మాట్ మహాన్ తన సీటు వదులుకోకుండానే 2022లో మేయర్‌కు పోటీ చేయగలిగాడు. ఇప్పుడు ఆ వెసులుబాటు బేసి సంఖ్య డిస్ట్రిక్టుల వాళ్లకు మారింది. ఇలాంటి ఫలితం వాదనల పేజీల్లో దొరకదు, మీ కాగితం మీదే కనబడుతుంది. మెజర్ బి ఇచ్చిన రెండేళ్ల లాంటి పొట్టి కాలం, ఒకరు ఎన్నిసార్లు పదవిలో ఉండొచ్చనే పరిమితి లెక్కలోకి వస్తుందా అన్నదీ వెతకండి.

ఒకే మెజర్‌లో రెండో అంశం కూడా ఉండొచ్చు. ప్రాపొజిషన్ హెచ్‌లో సంతకాల లెక్కా మారింది. అంతకుముందు జనం సొంతంగా చట్టం ప్రతిపాదించాలంటే గత మేయర్ ఎన్నికలో పడిన ఓట్లలో 5 శాతం సంతకాలు కావాలి. ఎక్కువమంది ఓటేసే ఏడాదికి ఎన్నిక జరిగితే ఆ సంఖ్య పెరిగిపోతుంది కాబట్టి, నమోదైన ఓటర్లలో 2 శాతంగా మార్చారు.

కాలిఫోర్నియాలో బ్యాలెట్ పోస్టులో ఇంటికే వస్తుంది, సంతకం చేసిన కవరులో పెట్టి తిరిగి పంపాలి. తప్పులు జరిగేది ఎక్కువగా ఆ కవరు దగ్గర. భార్యాభర్తలు పొరపాటున కవర్లు మార్చుకుని సంతకం పెట్టేస్తారు. నమోదులో తెలుగులో సంతకం చేసి ఉంటే కవరు మీదా తెలుగులోనే చేయండి, రెండిటినీ పోల్చి చూస్తారు. తేడా ఉందని ఉత్తరం వస్తే అందులోని గడువులోగా జవాబివ్వండి. పోస్టులో వేస్తే ఎన్నిక రోజుకల్లా ముద్ర పడాలి, ఏడు రోజుల్లో చేరాలి. చివరి రోజైతే రాత్రి 8 లోపు బ్యాలెట్ల కోసం పెట్టిన డ్రాప్ బాక్సులో వేయడం మేలు. ఇంగ్లీషు కష్టమైన అమ్మానాన్నలు ఓటింగ్ కేంద్రానికి సాయంగా ఇద్దరిని వెంట తీసుకెళ్లొచ్చు, యజమాని, యూనియన్ ప్రతినిధి తప్ప. తెలుగు నకలు బ్యాలెట్ ఉందేమో అక్కడే అడగండి. అది చూసుకోవడానికే, ఓటు మాత్రం అసలు దాని మీదే వేయాలి.

మెజర్ దగ్గర ఖాళీగా వదిలేస్తే అది వ్యతిరేక ఓటు కాదు. ఆ ప్రశ్నకు పడిన ఓట్లలో సగం దాటితే చార్టర్ మారుతుంది. లెక్క ఖరారై, రాష్ట్రంలో ఎన్నికలు చూసే అధికారి సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర దాఖలైనప్పుడే మార్పు అమల్లోకి వస్తుంది.