టార్చిలైటు మిణుకుమంటోందా? అరచేతికేసి కొట్టకండి

టార్చి మిణుకు మిణుకుమనగానే మనవాళ్లు దాన్ని అరచేతికేసి నాలుగు దెబ్బలు కొడతారు. వెలుగుతుంది. బాగైపోయిందని అలమారలో పెట్టేస్తారు. నిజానికి జరిగిందల్లా, లోపల లూజైన భాగం కాసేపు తగులుకోవడమే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను కొట్టాక రోజుల తరబడి కరెంటు లేదు. మా పెదవాల్తేరు ఇంట్లో ఉన్న రెండు టార్చిలూ అప్పుడే మొరాయించాయి. ఆ తర్వాత మా వీధివాళ్లవి చాలా విప్పి చూశాను. ఎల్‌ఈడీ చెడిపోయినవి బాగా తక్కువ.

కావలసినవి: కొత్త సెల్లు, పెన్సిల్ రబ్బరు, దూదిపుల్లలు, స్పిరిట్, రెండంగుళాల రాగి తీగ, సన్నమూతి నోస్ ప్లయర్.

ముందు సెల్లు మార్చండి. అన్నీ ఒకేసారి, ఒకే కంపెనీవి. రిమోట్లోంచి తీసిన పాత సెల్ ఒకటి కలిపితే మిగతావీ దండగే.

తర్వాత శుభ్రం చేయాలి. మన సముద్రపు గాలికి ఉప్పు, తేమ పట్టి లోహానికి చిలుము ఎక్కుతుంది. సెల్ కొనలు, స్ప్రింగు అందరూ తుడుస్తారు. గొట్టం అంచు మాత్రం వదిలేస్తారు. మెటల్ టార్చిలో కరెంటు తిరిగి వెళ్లే దారి ఆ గొట్టమే! రబ్బరుతో అంచు మెరిసేదాకా రుద్ది, స్పిరిట్‌తో తుడవండి. గరుకు కాగితం వద్దు. స్ప్రింగు మీది పూత పోతే చిలుము ఇంకా తొందరగా పడుతుంది.

ఇంకా మిణుకుమంటే, లోపం ఎటువైపు ఉందో తేల్చాలి. వెనక మూతలో స్విచ్ ఉన్న మెటల్ టార్చిలకే ఇది పనికొస్తుంది. సెల్ లోపలే ఉంచి మూత తీయండి. తీగ ఒక కొన సెల్ మైనస్‌కి, రెండోది గొట్టం అంచున రంగు లేని చోట ఆనించండి. నిలకడగా వెలిగితే తప్పు మూతది. లిథియం సెల్ అయితే బయటికి తీసి ఈ ప్రయోగం చేయొద్దు. తీగ ప్లస్‌కీ మైనస్‌కీ ఒకేసారి తగిలితే చెయ్యి కాలుతుంది, సెల్ అంటుకోవచ్చు కూడా.

అసలు జాగ్రత్త ఇక్కడి నుంచి. మూత లోపల స్ప్రింగు చుట్టూ రెండు చిన్న గాట్లున్న రింగు కనిపిస్తుంది. స్విచ్‌ని అదిమి పట్టేది అదే, చాలా టార్చిల్లో కరెంటు మూతకు చేరేదీ దాని గుండానే. కాస్త వదులైనా వెలుగు వణుకుతుంది. మూతను చేత్తో పట్టుకుని తిప్పకండి. ప్లయర్ జారితే అరచేతిలో దిగుతుంది. మడత పెట్టిన గుడ్డ మీద, బల్లకి ఆనించి పెట్టండి. ప్లయర్ మొనలు గాట్లలో పూర్తిగా కూర్చున్నాకే, స్ప్రింగుని ఒత్తకుండా, మెల్లగా కుడివైపు తిప్పండి. కదలకపోతే బలం పెట్టొద్దు, కొన్నింటికి మరలు ఎడమవైపు ఉంటాయి. నేనైతే ముందు రింగు పూర్తిగా ఊడదీసి, దాని అంచు, కింది భాగం స్పిరిట్‌తో తుడిచాకే బిగిస్తాను. మీరూ అలాగే చేయండి, తుడవకుండా బిగిస్తే మురికి లోపలే ఉండిపోతుంది. బిగువు తగలగానే ఆపేయాలి. ఇంకో పావు మలుపు తిప్పితే స్విచ్ ప్లాస్టిక్ చిట్లుతుంది.

సందు పూడ్చడానికి సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం కుక్కేవాళ్లున్నారు. మా పక్కింటి టార్చిలో అది చిరిగి, ఒక ముక్క స్ప్రింగుకీ మూతకీ మధ్య ఇరుక్కుంది. స్విచ్ ఆపినా లైటు ఆరక, సొరుగులో తెల్లవార్లూ వెలిగింది. తీసి చూస్తే సెల్ వేడిగా ఉంది. ఆ పని ఎప్పుడూ చేయకండి.

తీగ పెట్టినా మిణుకుమంటుంటే తప్పు తలవైపు. తల బిగించి చూడండి. అప్పటికీ పోకపోతే లోపల టంకం ఊడి ఉంటుంది, టంకం పెట్టడం తెలిసిన రిపేరు షాపులో ఇవ్వండి.