రాత్రి మూడింటికి దిగులుతో మెలకువ వస్తోందా? ముందు ఏది వచ్చిందో చూడండి

లక్షణం: పడుకోగానే నిద్ర బాగానే పడుతుంది. రెండు, మూడు గంటల మధ్య ఉన్నట్టుండి కళ్లు తెరుచుకుంటాయి. గుండె దడదడలాడుతుంది. కట్టాల్సిన వాయిదా, నిన్న నోరు జారిన మాట, రేపటి సమావేశం ఒకదాని వెనుక ఒకటి వచ్చి కూర్చుంటాయి. తెల్లవారాక చూస్తే వాటిలో సగం అసలు సమస్యలే కావు.

నేను ఏళ్ల తరబడి ఇది పడ్డాను. ఇదే గోడు చెప్పుకున్నవాళ్లందరినీ మొదట అడిగేది ఒక్కటే: ముందు మెలకువ వచ్చిందా, దిగులు వచ్చిందా? "దిగులే లేపింది" అంటారు. కాస్త గుచ్చి అడిగితే "లేదు, మెలకువ వచ్చింది, టైము చూశాను, అప్పటి నుంచి..." అని నసుగుతారు. ఆ తేడా తేల్చుకోకుండా మందులు, మూలికలు, ధ్యానం అంటూ తిరిగితే ఏళ్లు గడిచిపోతాయి.

మధ్యలో మెలకువ రావడం జబ్బు కాదు. నిద్ర సుమారు గంటన్నరకు ఒక చుట్టు చొప్పున సాగుతుంది. చుట్టుకూ చుట్టుకూ మధ్య క్షణంపాటు పైకి తేలడం మామూలే. చాలాసార్లు అది గుర్తు కూడా ఉండదు. గాఢనిద్రలో ఎక్కువ భాగం రాత్రి మొదటి సగంలోనే అయిపోతుంది. ఆ తరువాతిది పలచని నిద్ర. తెల్లవారుజాముకు ఒంటిని మేల్కొలుపుకు సిద్ధం చేసే హార్మోను కార్టిసాల్ కూడా పెరుగుతూ వస్తుంది. కాబట్టి మూడింటికి తేలడం వింత కాదు. తిరిగి మునగకపోవడమే సమస్య.

అందరూ దాటేసే తనిఖీ: గడియారం

మెలకువ రాగానే చేయి దిండు పక్కకు వెళుతుంది. తెర వెలుగుతుంది: 3:12. ఆరింటికి అలారం. "ఇంకా 2 గంటల 48 నిమిషాలే" అని బుర్ర తీసివేత మొదలుపెడుతుంది. లెక్కలు వేసే బుర్రకు నిద్ర ఎక్కడిది? గడియారాన్ని గోడవైపు తిప్పండి. ఫోనును చేయి అందని చోట పెట్టండి. "అలారం కోసం పక్కన ఉండాలి" అనకండి; గదికి ఆ మూలన ఉన్నా మోగుతుంది.

కాఫీ, మద్యం సంగతి మీకు తెలిసిందే, అయినా అడుగుతాను. సాయంత్రం ఐదింటికి తాగిన కాఫీలోని కెఫీన్ చాలామందికి రాత్రి పదింటికి కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. మద్యం మొదట మత్తునిస్తుంది, అది ఒంట్లో కరిగేకొద్దీ నిద్రను తునకలు చేస్తుంది. రెండు వారాలు మానేసి చూడండి. రెండు రోజులు మానేసి "తేడా లేదు" అనకండి.

నన్ను ముంచిన కారణం: త్వరగా పడుకోవడం

ఇది మంచి అలవాటు వేషంలో వస్తుంది, అందుకే ఎవరూ అనుమానించరు. ఒక రాత్రి నిద్ర చెడింది. పోయినది పూడ్చుకుందామని మర్నాడు తొమ్మిదింటికే పక్క ఎక్కాను. అరగంటలో నిద్ర పట్టింది. మూడున్నరకు మెలకువ. అమ్మో, మళ్లీ ఆందోళన! మరుసటి రోజు ఎనిమిదిన్నరకే దీపం ఆర్పాను. సెలవు రోజున పొద్దెక్కేదాకా పడక, మధ్యాహ్నం ఒక కునుకు. మూడు నెలలకు మెలకువ రెండింటికి వచ్చి కూర్చుంది.

చివరికి కాగితం మీద రాస్తే తేలింది. నా నిద్ర మొత్తం ఆరున్నర గంటలు, పక్క మీద ఉంటున్నది తొమ్మిది గంటలు. తొమ్మిదింటికి పడుకున్న రోజుల్లో మూడున్నరకల్లా నిద్ర చాలావరకు తీరిపోయేది. మిగిలిన రెండున్నర గంటల చీకటిని దిగులుకు నేనే అద్దెకిచ్చాను. రోజూ అలా పొర్లితే పక్కంటేనే భయపడే చోటు అనే గుర్తు పడిపోతుంది.

పరిష్కారం తిరగేసి ఉంటుంది: పక్క మీద ఉండే సమయాన్ని తగ్గించాలి. నిద్రలేమి మీద పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్థర్ స్పీల్‌మన్, ఆయన సహచరులు 1987లోనే ఈ పద్ధతిని ప్రచురించారు. వారం పాటు ప్రతి ఉదయం అంచనాగా రాయండి: ఎప్పుడు పడుకున్నారు, మొత్తం ఎంతసేపు నిద్రపోయారు, ఎప్పుడు లేచారు. రాత్రి గడియారం చూసి రాయకండి. సగటు నిద్ర ఆరున్నర గంటలైతే పక్కకు ఏడు గంటలే ఇవ్వండి. ఆరింటికి లేవాలంటే పదకొండుకు ముందు పడుకోకూడదు. సెలవైనా ఆరింటికే లేవాలి, పగటి నిద్ర వద్దు. లెక్క ఎంత వచ్చినా ఐదున్నర గంటల కంటే తగ్గించకండి. పక్క మీది సమయంలో 85 శాతం నిద్రగా మారాక, వారానికి పావుగంట చొప్పున పెంచుకోండి.

మొదటి వారం నరకమే, ముందే చెబుతున్నాను. పగలు తూలుతారు, ఆ రోజుల్లో వాహనం నడపకండి. మూర్ఛ, బైపోలార్ (మనసు అతి ఉత్సాహానికీ కుంగుబాటుకూ మధ్య ఊగే జబ్బు) ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దీని జోలికి పోవద్దు.

అయినా మెలకువ వచ్చి దడ తగ్గకపోతే

ఇరవై నిమిషాలయిందని అనిపిస్తే లేచి వేరే చోట కూర్చోండి. సన్నని వెలుతురు, ఆసక్తి లేని పుస్తకం చాలు. కళ్లు వాలినప్పుడే వెనక్కి రండి. నిద్రను బతిమాలితే అది ఇంకా బెట్టు చేస్తుంది.

నిజంగానే దిగులే ముందు వస్తుంటే పని సాయంత్రం ఉంది. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందు చింతలన్నీ కాగితం మీద పెట్టి, ఒక్కోదాని ఎదుట రేపు చేయగల ఒక్క పని రాయండి. నిద్రలోంచి భయంతో ఉలిక్కిపడి లేస్తే అది పానిక్, అంటే కారణం లేకుండా ఒక్కసారిగా ముంచెత్తే భయం, కావచ్చు. సాధారణంగా కొద్ది నిమిషాల్లో పతాకస్థాయికి వెళ్లి దిగుతుంది.

థైరాయిడ్ సమస్య, స్టెరాయిడ్ మందులు, గొంతులోకి ఎగదన్నే ఆమ్లం, మెనోపాజ్ వేడి ఆవిర్లు: ఇవీ నిద్ర చెడగొట్టవచ్చు, ఉంటే ఒక్కసారి డాక్టరు చెవిన వేయండి, చాలు. గురక పెడుతూ ఊపిరాడక లేస్తుంటే మాత్రం నిద్ర పరీక్ష చేయించుకోవాల్సిందే. ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకితే ఇవేవీ ప్రయత్నించకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఆ రాత్రే ఎవరినైనా లేపి చెప్పండి, ఉదయం దాకా ఆగకండి.

వారంలో మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు ఇలాగే సాగితే, నిద్రమాత్ర కంటే ముందు నిద్రలేమికి ఇచ్చే ప్రవర్తనా చికిత్స గురించి అడగండి. మీరు రాసిన ఆ వారం లెక్క వెంట తీసుకెళ్లండి. మంచి డాక్టరైతే మొదట అడిగేది ఎన్నింటికి పడుకుంటున్నారనే.