కాలనీ పార్కు బాగుచేసుకోవడానికి డొనేషన్లు, సీఎస్ఆర్ ఫండ్స్ తేవాలంటే ఎవరికి ఏం దరఖాస్తు పెట్టాలి (హైదరాబాద్)

మా కాలనీ పార్కులో ఉయ్యాల గొలుసు ఒకవైపు తెగి చాన్నాళ్లయింది, పలక ఒక మూలకి వేలాడుతుంటే పిల్లలు దాన్నే పట్టుకుని ఊగుతుంటారు, పక్కనే బోర్ ఉంది, మోటర్ ఉంది, స్టార్టర్ కాలిపోయింది. ఇవేం కోట్ల పనులు కావు. ఇచ్చేవాళ్లు లేక కూడా కాదు, మా లైన్లో ఒక పెద్దాయన చనిపోయిన తన భార్య పేరు మీద బెంచీలు వేయిస్తానని రెండేళ్ల నుంచి అడుగుతున్నారు. ఆ డబ్బు ఎవరి అకౌంట్లో వెయ్యాలి, రసీదు ఎవరివ్వాలి, పార్కులో చెయ్యి పెట్టాలంటే ఎవరి పర్మిషన్ కావాలి, ఇది తెలియకే ఆగిపోయింది. తిరిగి తిరిగి తెలుసుకున్నది రాస్తున్నా, వేరే కాలనీ వాళ్లకైనా తిరుగుడు తగ్గుతది.

ముందు పార్కు ఎవరిదో తేల్చుకోండి. కాలనీల్లో ఉండేవి మామూలుగా జీహెచ్ఎంసీవి (ఇప్పుడు కొన్ని ఏరియాలు సైబరాబాద్, మల్కాజిగిరి కార్పొరేషన్ల కింద ఉన్నాయి, మీది ఏదో చూసుకోండి), వాటిని చూసేది అర్బన్ బయోడైవర్సిటీ వింగ్. అన్నీ అట్ల కాదు, కేబీఆర్ పార్కు నేషనల్ పార్కు కాబట్టి అటవీ శాఖ కింద ఉంటది, సంజీవయ్య పార్కు హెచ్ఎండీఏది. తప్పు ఆఫీసులో లెటర్ ఇస్తే నెలలు పోతాయి. కాలనీ పార్కైతే అప్రూవ్డ్ లేఅవుట్ కాపీ తీసుకుని అందులో ఆ స్థలం పార్కు అనే ఉందా, లేఅవుట్ వేసినవాళ్లు గిఫ్ట్ డీడ్ చేసి లోకల్ బాడీకి అప్పగించారా చూడండి. అప్పగించకపోతే ఆ పని ముందు చేయించాలి, లేకపోతే రేపు ఎవరో వచ్చి ఇది మా ప్లాట్ అంటే మీరు నాటిన చెట్లు, వేసిన ట్రాక్ అన్నీ పోతాయి. ఆల్రెడీ కబ్జా అయ్యుంటే డొనేషన్ల సంగతి పక్కన పెట్టి హైడ్రాకి (చెరువులు, పార్కుల కబ్జాలు తీసేయించే ప్రభుత్వ సంస్థ) కంప్లైంట్ ఇవ్వండి, సోమవారం ప్రజావాణిలో ఇవ్వొచ్చు, లేఅవుట్ కాపీ అక్కడా అడుగుతారు.

రెండోది మీ అసోసియేషన్ రిజిస్ట్రేషన్. తెలంగాణలో సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం కనీసం 7 మంది కావాలి, మెమొరాండం, బైలాస్ రాసి రిజిస్ట్రార్ ఆఫ్ సొసైటీస్ దగ్గర చేయించాలి, ఆ తర్వాత ఏటా జనరల్ బాడీ మీటింగ్ పెట్టి కమిటీ మెంబర్ల లిస్టు అక్కడ ఫైల్ చెయ్యాలి. చాలా అసోసియేషన్లు రిజిస్టర్ అయితే అయ్యాయి గానీ ఈ లిస్టు ఏళ్ల తరబడి ఇవ్వలేదు, పెద్ద డోనర్ ఎవరైనా పేపర్లు అడిగినప్పుడు అది బయటపడుతది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది, మాకు ఇది ఆలస్యంగా తెలిసింది. కాలనీ వెల్ఫేర్ అసోసియేషన్ బైలాస్ లో "సభ్యుల సంక్షేమం కోసం" అని ఉంటది కదా, సభ్యుల కోసమే నడిచేది ఇన్కమ్ టాక్స్ లెక్కలో ఛారిటీ కాదు. 80జి (డోనర్లకి ట్యాక్స్ మినహాయింపు వచ్చేలా సంస్థకి ఇచ్చే గుర్తింపు) రావాలంటే ఉద్దేశాల్లో పర్యావరణ పరిరక్షణ, అందరికీ ఉపయోగపడే ప్రజా ప్రయోజనం లాంటివి స్పష్టంగా ఉండాలి, పార్కులోకి బయటివాళ్లని కూడా రానివ్వాలి. అందుకని అసోసియేషన్ని అట్లనే ఉంచి పార్కు కోసం వేరే సొసైటీ గానీ ట్రస్టు గానీ పెట్టుకోవడం నా లెక్కన మంచిది, డ్రైనేజీ లొల్లి, పార్కింగ్ లొల్లి ఆ ఖాతాలోకి రావు. న్యూయార్క్ లో సెంట్రల్ పార్కు స్థలం సిటీదే, కానీ 1980లో పెట్టిన ఒక లాభాపేక్ష లేని సంస్థ దాన్ని చూసుకుంటది, ఖర్చులో ఎక్కువ భాగం డొనేషన్ల మీదే. మన అర ఎకరం పార్కుకైనా పద్ధతి అదే, స్థలం ప్రభుత్వానిది, చూసుకోవడం మనది.

ఇప్పుడు జీహెచ్ఎంసీకి లెటర్. జోనల్ కమిషనర్ పేరు మీద రాసి సర్కిల్ ఆఫీసులో కూడా ఒక కాపీ ఇచ్చి ఇన్వార్డ్ నంబర్ (లెటర్ అందినట్టు ఆఫీసు వేసే నంబర్) వేయించుకోండి, నంబర్ లేకుండా ఇచ్చిన కాగితం ఇవ్వనట్టే. మా ఫైల్ మొదటిసారి వెనక్కొచ్చింది, ఎందుకంటే లెటర్ మీద ప్రెసిడెంట్ సంతకం ఉంది గానీ జనరల్ బాడీ తీర్మానం కాపీ లేదు, దానికోసం మళ్లీ మీటింగ్ పెట్టి మినిట్స్ బుక్ లో రాయించి సంతకాలు తీసుకుని జిరాక్స్ పెట్టేసరికి వర్షాకాలం అయిపోయింది, మొక్కలు నాటే సీజనే పోయింది. అందుకే తీర్మానం కాపీ, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బైలాస్, పాన్, బ్యాంక్ పాస్‌బుక్, లేఅవుట్ కాపీ, పార్కు ఇప్పటి ఫొటోలు, ఏమేం చేస్తారో ఎస్టిమేట్, అన్నీ మొదటిసారే పెట్టేయండి. స్థలం హక్కు కార్పొరేషన్ దే, ఎంట్రీ ఫీజు పెట్టం, అసోసియేషన్ ఆఫీసు గానీ గుడి గానీ ఇంకే కట్టడం గానీ కట్టం అని మీరే ముందుగా రాసివ్వండి. పార్కులు, ఆటస్థలాలు, ఖాళీ స్థలాల్ని కాపాడటానికి 1985 నుంచి చట్టమే ఉంది, పార్కులో గదులు కట్టుకుంటూ పోతే పిల్లలకి జాగా ఏది? కార్పొరేషన్ వాళ్లు వచ్చి చూసుకుని ఒప్పుకుంటే ఎంఓయూ (ఒప్పంద పత్రం) రాసుకుంటారు. కరెంట్ బిల్లు ఎవరిది, నీళ్లు ఎవరివి, మాలి జీతం ఎవరిది, ఈ మూడు అందులో రాయించుకోకుండా సంతకం పెట్టొద్దు.

ఎంఓయూ చేతికొచ్చాక డబ్బు. 80జి కోసం ఇన్కమ్ టాక్స్ పోర్టల్లో ఆన్‌లైన్లో దరఖాస్తు చెయ్యాలి, దానితో పాటు 12ఏ రిజిస్ట్రేషన్ (సంస్థ ఆదాయం మీద ట్యాక్స్ పడకుండా ఉండేది) కూడా, కొత్త సంస్థకి ముందు 3 ఏళ్లకి ప్రొవిజనల్ గా ఇస్తారు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి సెక్షన్ల నంబర్లు, ఫారాల నంబర్లు మారాయి, జనం మాత్రం ఇంకా 80జి అనే అంటున్నారు, పాత వీడియోలు చూసి ఫారం నింపకుండా సీఏని అడగండి. ఇచ్చేవాళ్లకి ముందే చెప్పాల్సినవి రెండు, 2,000 రూపాయలు దాటి క్యాష్ ఇస్తే మినహాయింపు రాదు, కొత్త ట్యాక్స్ రెజీమ్ లో ఉన్నవాళ్లకి అసలే రాదు. చెప్పకుండా తీసుకుంటే తర్వాత మన మీదే కోపం.

కంపెనీల సీఎస్ఆర్ (సమాజం కోసం కంపెనీలు పెట్టాల్సిన ఖర్చు) అయితే ఇంకొంచెం పెద్ద పని. 500 కోట్ల నెట్‌వర్త్ గానీ 1,000 కోట్ల టర్నోవర్ గానీ 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి, ఇది కంపెనీల చట్టం 2013లో 135వ సెక్షన్. ఆ డబ్బు మీ సంస్థ ద్వారా ఖర్చు కావాలంటే 12ఏ, 80జి ఉండాలి, మూడేళ్ల పని అనుభవం చూపించాలి, సీఎస్ఆర్-1 ఫారం (సీఎస్ఆర్ పనులు చేసే సంస్థగా నమోదయ్యే ఫారం) వేసి నంబర్ తెచ్చుకోవాలి. కొత్త సంస్థకి మూడేళ్లు ఎక్కడ్నుంచి వస్తాయి, అందుకని ఇప్పటికే సీఎస్ఆర్-1 ఉన్న మంచి ఎన్జీవోని వెతుక్కుని వాళ్లతో కలిసి ప్రపోజల్ పెట్టండి. మార్చిలో పరిగెత్తొద్దు, బడ్జెట్ వేసుకునే ఏప్రిల్, మే లోనే వెళ్లండి. ప్రపోజల్లో ఓపెన్ జిమ్ ఫొటోలు నాలుగు పెట్టేసి వదిలెయ్యకుండా మూడేళ్ల మెయింటెనెన్స్ కూడా కలపండి, జిమ్ వస్తువులు వస్తాయి, రిబ్బన్ కట్ అవుతది, ఏడాది తిరిగేసరికి తుప్పు పట్టి బోల్టులు ఊడిపోతాయి. పార్కు పచ్చగా ఉండేది రోజూ పొద్దున పైపు పట్టుకునే మాలి వల్ల, ఆయన జీతం గురించి మొహమాటం లేకుండా అడగండి.

అమెరికాలో ఉన్న పిల్లలు పంపిస్తామంటారు, మన ఇళ్లల్లో ఇది మామూలే. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు వాళ్ల సంపాదన పంపితే ఇబ్బంది లేదు. అమెరికా సిటిజన్ అయిపోయినవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే అది విదేశీ విరాళం, దానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, ఆ డబ్బు ముందుగా ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి అకౌంట్లోనే పడాలి. అవేవీ లేకుండా మామూలు అకౌంట్లో వేయించుకోవద్దు, చిన్న అమౌంటే కదా అని అస్సలు అనుకోవద్దు.

డబ్బు వచ్చాక బిల్లులన్నీ సంస్థ పేరు మీదే తీసుకోండి, పని అయ్యాక యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు చెప్పిన పనికే ఖర్చయిందని ఇచ్చే కాగితం), ముందు తర్వాత ఫొటోలు డోనర్‌కి ఒక సెట్, సర్కిల్ ఆఫీసుకి ఒక సెట్ ఇవ్వండి. ఎంఓయూ గడువు అయిపోవడానికి రెండు మూడు నెలల ముందే రెన్యువల్ లెటర్ పెట్టండి, దానికి కూడా కొత్త తీర్మానం కాపీ జతచేసి, ఇన్వార్డ్ నంబర్ వేయించుకునే బయటికి రండి.